తార్నాకలో మట్టి పరీక్ష

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి మెట్రోలో తార్నాక వెళ్లాను. మట్టిలో జీవం ఉందో లేదో పరీక్ష చేయిద్దామని సంచిలో రెండు డబ్బాలు. ఒకదాంట్లో మా పెరట్లో జామచెట్టు కింది మట్టి, రెండోదాంట్లో పక్కింటి స్లాబు కోసం దింపిన రోబో శాండ్. మెట్రో స్టేషన్లో సెక్యూరిటీ ఆయన డబ్బా మూత తీయించి, మట్టిని ఒకసారి, నన్ను ఒకసారి ఎగాదిగా చూసి వదిలేశాడు.

మా పిన్ని కూతురు ఉస్మానియాలో మైక్రోబయాలజీలో పరిశోధన చేస్తోంది. ముందు రెండిటి మీదా నీళ్లు చల్లి వాసన చూడమంది. జామచెట్టు మట్టి గుప్పున తొలకరి వాసన కొట్టింది. అది స్ట్రెప్టోమైసిస్ లాంటి బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ వాసనట. రోబో శాండ్ నుంచి రాతిపొడి వాసన తప్ప ఏమీ రాలేదు, క్రషర్లో నలిగిన గ్రానైటే కదా.

తర్వాత చెంచాడు మట్టి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసింది. బుసబుసా నురుగు! కణాల్లోని కేటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది.

"ఇంకేం, జీవం దొరికినట్టే" అన్నాను.

"ఆగు అన్నయ్యా. మట్టిలో మాంగనీస్ ఆక్సైడ్ ఉన్నా ఇలాగే పొంగుతుంది."

అదే మట్టి ఇంకొంచెం తీసి, ఆవిరి వేడితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పెట్టింది. ఆ వేడికి ఎంజైమ్ పాడవుతుంది, ఖనిజం పాడవదట. ఈలోగా క్యాంటీన్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అక్కడే అంగారకుడి మీదికి వెళ్లింది మాట. 1976లో వైకింగ్ నౌకలు అక్కడి మట్టికి రేడియోధార్మిక కార్బన్ కలిపిన పోషకద్రవం పోస్తే వాయువు వెలువడింది. 160 డిగ్రీలకు వేడిచేసిన మట్టిలో అది ఆగిపోయింది. అచ్చం జీవం లాగే! కానీ అదే నౌకలో మట్టిని వేడిచేసి చూసే మరో పరికరానికి ఆ మట్టిలో జీవానికి ఆధారమనదగ్గ సేంద్రియ పదార్థం దొరకలేదు. 2008లో ఫీనిక్స్ నౌక ఆ గ్రహం మట్టిలో పర్‌క్లోరేట్ లవణాలను కనిపెట్టాక, వేడిచేసినప్పుడు సేంద్రియాలను అవే కాల్చేసి ఉంటాయన్న వాదన బలపడింది.

చల్లారిన మట్టి మీద మళ్లీ పెరాక్సైడ్ పోశాం. నురుగు బాగా తగ్గింది, పూర్తిగా ఆగలేదు. తగ్గిందాంట్లో చాలావరకు ఎంజైమ్ పని, మిగిలింది ఖనిజాలది కావచ్చంది. ఖాయంగా తేల్చాలంటే మిణుగురు పురుగుల ఎంజైమ్ లూసిఫరేజ్‌తో, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కొలవాలట. కణం చచ్చాక ఏటీపీ ఎక్కువసేపు నిలవదు కాబట్టి, వెలుగు ఎంత వస్తే బతికున్నవి అంత ఉన్నట్టు లెక్క.

వైకింగ్ ప్రయోగం రూపొందించిన గిల్బర్ట్ లెవిన్ మాత్రం 2021లో చనిపోయేదాకా, తనకు దొరికింది జీవమేనని వాదిస్తూనే ఉన్నాడు. నాకు ఆయనవైపే కాస్త మొగ్గు. చెల్లెలు మెట్రో మెట్ల దాకా వచ్చి కూడా ససేమిరా ఒప్పుకోలేదు.