ముచ్చటేసిందని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

రేపు పిల్లల సైన్స్ ప్రదర్శన చివర్లో నేను రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. రెండు నిమిషాలే కదా అని మొన్న సరేననేశాను, తీరా చూస్తే ఈ సాయంత్రమంతా ఒక్క వాక్యానికే సరిపోయింది.

తెలుగులో అయితే నోటి చివరే ఉంది: "మీ ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది." దాన్ని ముందు 'యువర్ ఎన్‌థూసియాజమ్ ఈజ్ వెరీ హై' అని రాశాను. మా అమ్మాయి చదివి, "జ్వరం ఎంతుందో చెప్తున్నట్టుంది నాన్నా" అంది. ఇంకోచోట 'ఎన్‌థూసియాజమ్స్' అని ఉంటే చివరి ఎస్ కొట్టేసింది. పిల్లలు ఎంతమంది ఉన్నా ఉత్సాహం ఏకవచనమేనట (నిజమే, మనం మాత్రం ఉత్సాహాలు అంటామా). 'హైపర్‌యాక్టివ్' అని పెడితే అది పొగడ్త కాదు, కంప్లయింట్ అంది. 'చైల్డిష్' ఇంకా ఘోరం, ఇవేం చిన్నపిల్లల చేష్టలని విసుక్కున్నట్టు ఉంటుంది. మంచి అర్థంలో 'చైల్డ్‌లైక్' అనొచ్చు గానీ అది పెద్దవాళ్లకు నప్పే మాట, పిల్లలు పిల్లల్లా ఉన్నారని మైకు పట్టుకుని చెప్పడమెందుకు!

మధ్యలో పని మానేసి డిక్షనరీల్లో పడ్డాను. ఈ ఎన్‌థూసియాజమ్ గ్రీకు నుంచి వచ్చిందట, మూలార్థం దేవుడు పూనడం. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో అయితే, దేవుడు తనకొక్కడికే ఏదో చెప్పాడనుకునే వట్టి భ్రమ అన్నట్టుగా అర్థం ఇచ్చాడు. అప్పట్లో ఈ మాటతో మెచ్చుకుంటే గొడవైపోయేదేమో.

"ఇన్‌ఫెక్షస్ అను, అలాగే అంటారు" అంది అమ్మాయి. అంటురోగం మాటలా ఉందే అన్నాను. కాదట, నవ్వుకీ ఉత్సాహానికీ కూడా చక్కగా వాడతారట. సరే, కానీ ఎనిమిదేళ్ల పిల్లలకు అందులో ఏం అర్థమవుతుంది?

అప్పుడు పొద్దున రిహార్సల్లో చూసిన పాప గుర్తొచ్చింది. బేకింగ్ సోడాతో అగ్నిపర్వతం చేసింది, నేను ఇంకా బల్ల దగ్గరికి చేరకముందే వెనిగర్ పోసేసింది, నురగంతా చార్టు మీదికి కారిపోతుంటే చొక్కా చేతితోనే తుడిచేసి, "మళ్ళీ చేయనా?" అని అడిగింది. ఇది చెప్తే అమ్మాయి నవ్వి, "మరి అదే రాయి" అంది. 'యూ కుడ్‌న్ట్ వెయిట్ టు షో అజ్' అని రాశాను. మాకు చూపించేదాకా ఆగలేకపోయారు అని. దాని పక్కన 'ఐ లవ్‌డ్ వాచింగ్ యూ'. ముచ్చటకి సరిగ్గా సరిపోదు గానీ దగ్గరగా ఉంది.

ఎన్‌థూసియాజమ్ మొత్తానికే ఎగిరిపోయింది. గడియారం పెట్టుకుని చదివితే స్పీచ్ నలభై సెకన్లే వస్తోంది, మిగతా నిమిషం ఇరవై సెకన్లలో ఏం మాట్లాడాలో పొద్దున లేచి చూసుకోవాలి.