నీళ్ళ బిల్లులో ఆ రెండు మూడు రూపాయలు

2024 వేసవిలో మా అపార్ట్‌మెంట్‌కి ట్యాంకర్ రాత్రి పదకొండు దాటాకే వచ్చేది. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఉంటాం, అప్పటికి మాకు కావేరి లైను లేదు, ఉన్న రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది. ఆ నెల నీళ్ళ లెక్క చూసే వంతు నాది. ట్యాంకర్ నిచ్చెనెక్కి, టార్చి వేసి నీళ్ళు అంచుదాకా ఉన్నాయో లేదో చూసి, చీటీ మీద సంతకం పెట్టేదాన్ని. డ్రైవర్‌ది ముళబాగిలు దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే. ఒకరోజు పైపు సంపులో పడేసి గట్టు మీద కూర్చున్నప్పుడు, ఇవి ఎక్కడి నీళ్ళు అని అడిగాను.

"హొసకోటె అవతల అక్కా. నీలగిరి తోపు పక్కన ఒకాయన బోరు, లోడుకింత అని ఆయనకి ఇస్తాం. ఆ పక్క చేనాయన బోరు పోయింది, ఆయప్ప టమోటా అంతా ఎండిపోయింది. ఏం చేసేది?"

ఆ టమోటా చేను చాలా రోజులు నా మనసులో నుంచి పోలేదు. నేల కింది నీళ్ళు తోడి అమ్మిన మనిషికి లోడుకింత ముడుతోంది. అదే ఒక రైతు నేల నీళ్ళు ఎక్కువగా తాగేసే నీలగిరి చెట్లు కొట్టేసి, గట్లు వేసి, కుంట పూడిక తీయించి, పడిన వానని తన చేలోనే ఇంకేట్టు చూసుకున్నాడనుకోండి, అతనికి పైసా ఇచ్చేవాళ్ళు లేరు. నీళ్ళు బయటికి తీస్తే డబ్బుంది, లోపల నిలిపితే లేదు. మేము నెలకి లక్షలు పోశాం, అందులో ఒక్క రూపాయి కూడా మళ్ళీ నీరు ఊరడానికి ఖర్చు కాలేదు.

నిలిపినవాళ్ళకీ డబ్బు ఇవ్వాలన్నదాన్నే పేమెంట్స్ ఫర్ ఎకోసిస్టమ్ సర్వీసెస్ అంటారు. పేరు బరువుగా ఉంది కానీ సంగతి మనకి కొత్తది కాదు. రాయలసీమలో దశబంధం ఇనాములు ఉండేవి, చెరువు కట్టించినవాళ్ళకీ దాని మరమ్మతులు చూసేవాళ్ళకీ ఇచ్చిన భూమి అది. మదనపల్లె దగ్గర మా ఊళ్ళో తూము తెరిచి మూసే నీరుగట్టికి కళ్ళంలోనే గింజలు కొలిచేవాళ్ళు, రాశి ఇంటికి చేరకముందే. మా తాత కొలుస్తుంటే చేట పట్టుకుని తను పక్కన నిలబడ్డానని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. చెరువుని కాచేవాడి వాటా పోయాకే మన వాటా అన్నది అందరికీ తెలిసిన లెక్క.

2024 నవంబర్‌లో కర్ణాటక అటవీ మంత్రి ఈశ్వర్ ఖండ్రే పశ్చిమ కనుమల నదుల నీళ్ళు వాడే నగరాల్లో నీళ్ళ బిల్లు మీద రెండు మూడు రూపాయల గ్రీన్ సెస్, అంటే అడవుల్ని కాపాడే పన్ను, వేసే ప్రతిపాదన తయారు చేయమని అధికారులకు చెప్పినప్పుడు మా వాట్సాప్ గ్రూపు మండిపోయింది. ఇంకో పన్నా అని. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది, ట్యాంకర్లకి పోసి పోసి ఉన్నారు. కానీ నేను కడతాను, సంతోషంగా కడతాను. కావేరి నీళ్ళు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి, 500 మీటర్ల ఎత్తుకి పంపు చేస్తే మన కొళాయికి వస్తున్నాయి, ఆ కరెంటుకి కడుతున్నాం, పైపుకి కడుతున్నాం, ఆ నది పుట్టే కొడగులో కాఫీ తోటలో పాత అడవి చెట్లని కొట్టకుండా ఉంచుకున్న రైతుకి మాత్రం ఏమీ లేదు. అవి తీసేసి త్వరగా పెరిగే సిల్వర్ ఓక్ పెట్టుకుంటే అతనికి లాభం. అయినా ఎందుకు ఉంచుకోవాలి, మన కోసమా?

అయితే ఒక్కటి అడుగుతాను. ఆ డబ్బు ఖజానాలో కలిసిపోకూడదు. ఈక్వడార్ రాజధాని కీటోలో 2000లో ఫోనాగ్ అని ఒక నిధి పెట్టారు, నగర నీటి సంస్థ తన నీళ్ళ అమ్మకాల్లో 2 శాతం అందులో వేస్తుంది. ఆ అసలు సొమ్ము ట్రస్టులో పెరుగుతూ ఉంటుంది, దాని రాబడితో కొండ మీది గడ్డినేలల్ని కాపాడతారు, కాపలాకి అక్కడి ఊళ్ళవాళ్ళనే పెట్టుకుంటారు.

కొడగు రైతుకీ వైట్‌ఫీల్డ్ ఫ్లాట్ ఓనరుకీ ముఖపరిచయం లేదు. ఒప్పందం ఎవరు రాయాలి, చెట్లు ఉన్నాయో లేదో ఎవరు చూడాలి, ఒక చోట చేసిన తప్పు ఇంకో చోట చేయకుండా ఎవరు చెప్పాలి? ఇందుకే ఇలాంటి పథకాల్ని ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్‌లు కావాలి. లాటిన్ అమెరికాలో కీటో లాంటి నిధులకి తోడుగా 2011లో ఒక వాటర్ ఫండ్స్ కూటమి ఏర్పడింది. ఆసియాలో, పంటల్లో చెట్లు కలిపి పెంచడం మీద పరిశోధన చేసే వరల్డ్ ఆగ్రోఫారెస్ట్రీ సెంటర్ వాళ్ళు 2002 నుంచి రూపెస్ పేరుతో ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, నేపాల్‌లలో ఇదే పని చేశారు. అందులో సుమత్రా దీవిలోని సుంబర్‌జాయ కథ కొడగువాళ్ళు వినాల్సింది. అదీ కాఫీ ప్రాంతమే. అడవిని పాడు చేస్తున్నారని ఒకప్పుడు సర్కారు ఆ రైతుల్ని వెళ్ళగొట్టింది. కాఫీలో చెట్లు కలిపి పెంచితే నేల కోత తగ్గుతుందని పరిశోధకులు చూపించాక, చెట్లు కాపాడాలన్న షరతు మీద అదే నేల సాగు చేసుకునే హక్కు వాళ్ళకి దక్కింది. నోట్ల కట్ట కంటే అది పెద్దది, రాత్రి నిద్ర పడుతుంది. బొలీవియాలోని లాస్ నెగ్రోస్ లోయలో అయితే పైనున్న అడవి కొట్టనందుకు అక్కడి రైతులకి తేనెపెట్టెలు ఇచ్చారు.

మన దేశంలోనూ ఉంది. హిమాచల్‌లోని పాలంపూర్ పురపాలక సంఘం 2010లో బోహల్ ఊటబుగ్గ పైనున్న అడవిని కాపాడే ఊళ్ళతో ఒప్పందం రాసుకుని ఏడాదికి 10,000 రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకుంది. చిన్న మొత్తమే, కానీ నీళ్ళు తాగేవాళ్ళు పైవాళ్ళ ఎదురుగా కూర్చుని సంతకం పెట్టారు.

నాకున్న భయం కౌలు రైతుల గురించి. కోస్టారికాలో 1997 నుంచి అడవి ఉంచుకున్నవాళ్ళకి ప్రభుత్వం డబ్బిస్తోంది, పోయిన అడవి చాలావరకు తిరిగొచ్చింది కూడా, కానీ మొదట్లో ఎక్కువ డబ్బు పెద్ద భూస్వాములకే చేరింది, కాగితాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి కాబట్టి. మన దగ్గర పట్టా ఒకరిది, చెమట ఇంకొకరిది. ఒప్పందంలో మొదటి రోజే కౌలుదారు పేరు రాయకపోతే తర్వాత ఎవరూ రాయరు.

ఆ డ్రైవర్ నంబరు నా దగ్గర ఇంకా ఉంది. టమోటా చేనాయన దగ్గరికి ఒకసారి తీసుకెళ్తావా, కుంట పూడిక తీయిస్తే మా వాళ్ళని ఫ్లాటుకింత అని అడుగుతాను అని పోయిన వారం ఫోన్ చేశాను. దసరా అయ్యాక రమ్మన్నాడు. అప్పటికి రెండు వానలన్నా పడతాయి, కుంటలో నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయో మీరే చూద్దురు అక్కా అన్నాడు.