కనిపెట్టే పిల్ల

మా బడి సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడగగానే నాకు మా సోషల్ టీచరే గుర్తొచ్చారు. ఫోన్ చేసి అడిగితే, "రాసుకో అమ్మా, నా పేరు మాత్రం వద్దు" అన్నారు. 1996 బ్యాచ్ వాళ్లకి పేరు చెప్పక్కర్లేదు. ఒక్క మాట చెబితే చాలు.

నల్లబల్ల సగం తుడిచి ఆగేవారు. మా వైపు తిరక్కుండానే, "ఇప్పుడు కనిపెట్టే పిల్ల ఏం చేస్తుంది?" అనేవారు. ముందు బెంచీ వాళ్లం సుద్దముక్క కోసం పరిగెత్తేవాళ్లం. మ్యాప్ దించుతుంటే ఇద్దరు లేచి రెండు చివర్లు పట్టుకునేవాళ్లు. ఎవరికైనా జ్వరం వచ్చి బడికి రాకపోతే, ఆ పూట నోట్సు ఇంకొకరు రాసి ఉంచేవాళ్లు. ఏడాది చివరికి ఆవిడ ఆ ప్రశ్న అడగడమే మానేశారు. అడగాల్సిన అవసరం లేకపోయింది.

ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూమ్ అంతా టీ గ్లాసులు. టీచర్ మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న మజ్జిగ తాగేవారు. టీ, కాఫీ ముట్టరు. నెలకొక ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉండి, ఆ తిండి ఖర్చు లేనివాళ్ల కోసం ఇచ్చేస్తారని తర్వాత తెలిసింది. ఆవిడది యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. బయటివాళ్లు మార్మన్లు అంటారు. హైదరాబాద్‌లో ఆ సంఘం మొదలైందే తెలుగువాళ్ల చేతుల మీదుగా. పసిఫిక్ దీవి సమోవాలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడ ఆ సంఘంలో చేరిన ధర్మరాజు గారు, ఎల్సీ గారు అనే దంపతులు 1978 డిసెంబరులో కొద్దికాలపు మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. వాళ్ల బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ చిన్న గుంపు పెద్దదవుతున్న రోజుల్లో మా టీచర్ కూడా అందులో చేరారు.

క్లాసులో ఈ సంగతి ఒక్క మాట ఎత్తేవారు కారు. అయినా ఊళ్లో మాట ఆగదు కదా. "అమెరికా మతం" అన్నారు. కొందరు తల్లిదండ్రులు హెడ్ మిస్ట్రెస్ గారి దగ్గరికి వెళ్లి, మా పిల్లల్ని వేరే సెక్షన్‌లోకి మార్చమని అడిగారు. అలా వెళ్లిన వాళ్లలో మా నాన్న ఒకరు. హెడ్ మిస్ట్రెస్ గారు ఒప్పుకోలేదు, నేను బి సెక్షన్‌లోనే ఉండిపోయాను. ఈ విషయం టీచర్‌కి తెలుసో లేదో అని పదో తరగతి అయ్యేదాకా నాకు ఒకటే టెన్షన్. ఆవిడ నన్ను చూసే చూపులో ఎప్పుడూ తేడా లేదు.

మళ్లీ ఆవిడని కలిసింది 2012 జూన్‌లో. అప్పటికి రిటైరై, 18 నెలలు మిషనరీగా పనిచేసి తిరిగొచ్చారు. ఆ మిషన్‌కి జీతం ఉండదు, ఖర్చు మనమే పెట్టుకోవాలి. ఒంటరిగా వెళ్లరు, ఎప్పుడూ ఇద్దరిద్దరు. ఆవిడ జోడీ 21 ఏళ్ల అమ్మాయట. "దానికి వంట రాదు, నాకు మెట్లెక్కడం రాదు. సరిపోయింది" అని నవ్వారు. ఆ మే 27నే హైదరాబాద్‌లో దేశంలో మొదటి స్టేక్ ఏర్పడింది. స్టేక్ అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన ప్రాంతం. ఆ సంబరం ఇంకా ఆవిడ ముఖంలో ఉంది.

గోడకి ఒక పెద్దావిడ ఫోటో ఉంది. జపాన్ ముఖం, నిండుగా నవ్వు. ఎవరని అడిగాను.

"చియేకో ఒకజాకీ. నేను చూడలేదమ్మా, చదివానంతే. పోయిన ఆగస్టులో పోయారు. కనిపెట్టే పిల్ల ఈవిడ దగ్గర నేను తీసుకున్నదే" అన్నారు.

ఆ మాట వెనక ఇంత ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఒకజాకీ 1926లో హవాయిలోని కొహాలా ప్రాంతంలో పుట్టారు. తల్లిదండ్రులు తోటల్లో పనిచేసే జపాన్ సంతతి వాళ్లు, బౌద్ధులు. ఈవిడ 15వ ఏట మార్మన్ సంఘంలో చేరినా ఇంట్లో ప్రేమ తగ్గలేదు. కూతురి చదువు కోసం ఇంటిల్లిపాదీ లౌహాలా ఆకులతో చెప్పులు అల్లి అమ్మారు. లౌహాలా అంటే మన మొగలి జాతి చెట్టు. ఆ తల్లి ఇల్లు ఊడుస్తూ, "ఇప్పుడు కిగత్సుకు పిల్ల ఏం చేస్తుంది?" అని అడిగితే, ఈ పిల్ల చెత్త ఎత్తే చేట కోసం పరిగెత్తేదట. కిగత్సుకు జపాన్ మాట. ఎవరూ చెప్పకుండానే అవసరాన్ని చూసి చేయడం, అదీ కిగత్సుకు. 1992 ఏప్రిల్‌లో సంఘ మహాసభలో ఒకజాకీ ఇది చెప్పారు. భర్త పోయి అప్పటికి కొన్ని వారాలే. ఆ ప్రసంగం పత్రికలో చదివి మా టీచర్ దాన్ని "కనిపెట్టు" చేశారు. నాకైతే ఇంతకన్నా మంచి తెలుగు తోచదు.

ఒకజాకీ కూడా బడిపంతులమ్మే. హవాయిలో చదువుకుని, 1951లో భర్తతో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న సాల్ట్ లేక్ సిటీ చేరారు. జపాన్‌తో యుద్ధం ముగిసి అప్పటికి ఆరేళ్లే. ఆవిడ పాఠం చెప్పబోయే బడిలో ముగ్గురు తల్లులు, జపాన్ టీచర్ దగ్గర మా పిల్లలు వద్దన్నారు. ప్రిన్సిపాల్ ఆ ముగ్గురు పిల్లల్నీ వేరే క్లాసుకి మార్చేశారు. కొన్నాళ్లకి ఆ తల్లులే వచ్చి, మా పిల్లల్ని ఆవిడ క్లాసులోనే వేయమని అడిగారట.

తర్వాత కొలరాడోలో ఆవిడ ప్రిన్సిపాల్ అయ్యారు. 1968 నుంచి 1971 దాకా భర్త జపాన్-ఒకినావా మిషన్ అధ్యక్షుడు, ఈవిడ ఆయనకి తోడు. 1990లో రిలీఫ్ సొసైటీ అధ్యక్షవర్గంలో మొదటి సలహాదారు అయ్యారు. రిలీఫ్ సొసైటీ అంటే 1842లో అమెరికాలోని నావూ అనే ఊళ్లో 20 మంది ఆడవాళ్లతో మొదలైన, ఆ సంఘపు స్త్రీల సంస్థ. ఆ సంఘంలో స్త్రీల సంస్థల అధ్యక్షవర్గంలో శ్వేతజాతి కాని స్త్రీ కూర్చోవడం అదే మొదటిసారి. 1997 దాకా ఉన్నారు. వేరే దేశాలకి వెళ్తే అక్కడి భాషలో నాలుగు మాటలైనా నేర్చుకుని మాట్లాడేవారు.

ఆ సంఘంలో ఆడవాళ్లకి యాజకత్వం, అంటే సంఘ కర్మలు జరిపే అధికారం, లేదు. 1995లో కుటుంబం గురించి పెద్ద ప్రకటన తయారైనప్పుడు రిలీఫ్ సొసైటీ నాయకురాళ్లని ఎవరూ సంప్రదించలేదని ఒకజాకీ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. సంఘాన్ని ప్రాణంగా చూసుకుంటూనే ఆ మాట అనగలిగారు. అది చదివాక ఆవిడ మీద నా గౌరవం రెట్టింపైంది.

టీచర్‌కి ఎంతో ఇష్టమైన ప్రసంగం ఇంకొకటుంది, 1996 నాటిది. ఒకజాకీ ఒక సీసాలో యూటా పీచ్ పండ్ల నిల్వ, ఒక బుట్టలో తాజా పండ్లు చూపించి, రెండింట్లోనూ ఉన్నది పండే అన్నారు. సువార్త ఒకటే, దాన్ని అందించే తీరు ఊరూరికీ వేరు అని దాని భావం. "నేను ఆవకాయ పెట్టి చెబుతాను, మనవాళ్లకి తొందరగా అర్థమవుతుంది" అన్నారు టీచర్.

ఆ ముగ్గురు తల్లుల కథ విన్నప్పటి నుంచీ నా గొంతు పట్టేసింది. చివరికి అనేశాను. "టీచర్, మా నాన్న కూడా అలాగే వెళ్లి అడిగారు."

"తెలుసమ్మా."

"అప్పుడే తెలుసా?"

"మర్నాడే చెప్పారు హెచ్ఎం గారు. ఆడపిల్ల తండ్రి, భయపడ్డాడు." కాసేపు ఆగి, "నాన్నగారు ఎలా ఉన్నారు? మోకాళ్ల నొప్పులన్నావు ఫోన్‌లో" అన్నారు.

లేచి వంటింట్లోకి వెళ్లారు. ఆ ఏటి కొత్త ఆవకాయ సీసా మూత బిగించి, నూనె కారకుండా పాత పేపర్ చుట్టి నా చేతిలో పెట్టారు. "ఆయనకి వెల్లుల్లి పడుతుందా?" అని అడిగారు. పడుతుందన్నాను.