రివాల్వర్ ఒర: లైనింగ్ వెయ్యాలా, ఒంటి పొర చాలా?

మూడో ఒర కూడా కుట్టేశాను. మామయ్యకున్న లైసెన్సు రివాల్వర్ కోసం, .32 బోరుది. తుపాకీ నా చేతికి రాలేదు, రాకూడదు కూడా. ఆయన కొలతలిచ్చాడు, ఆ లెక్కన టేకు ముక్క చెక్కుకుని దాని మీదే పనంతా.

మొదటిది లైనింగ్ లేనిది. చెన్నై నుంచి తెప్పించిన వెజిటబుల్ టాన్ తోలు (చెట్టు బెరడు రసంతో పదును చేసింది), మూడున్నర మిల్లీమీటర్ల మందం. చూడగానే మామయ్య, "ఏటి అల్లుడూ, లోపల ఏటీ ఎయ్యలేదేటి?" అన్నాడు. లోపలి వైపు నూగు అణగాలని గంజి రాసి సీసాతో రుద్దాను. పర్లాకిమిడి వానలు తెలిసినవే కదా, పదిహేను రోజులకి లోపలంతా తెల్ల బూజు! తప్పు తోలుది కాదు, గంజిది. వెనిగర్‌తో తుడిచి, నీడన ఆరబెట్టి, తేనెమైనం పట్టిస్తే మళ్లీ రాలేదు.

రెండోదానికి స్వేడ్, అంటే నూగు తేలిన మెత్తటి తోలు, లైనింగ్‌గా వేశాను. పిల్లి వీపులా మెత్తగా ఉంది, దాని జబ్బూ అదే. నూగులో ఇసుక చిక్కితే గరుకు కాగితమే. చెమ్మ పీల్చిందంటే ఓ పట్టాన ఆరదు. పైగా ఆ స్వేడ్ క్రోమ్ టాన్‌ది, అంటే క్రోమియం లవణాలతో పదును చేసింది. అందులో మిగిలిపోయే లవణాలకి ఇనుము మచ్చలు పడుతుంది. పక్కన పడేశాను.

మళ్లీ ఒంటి పొరకే పోదామనుకుంటుంటే మొదటి ఒరలోంచి తీసిన టేకు ముక్క మీద సన్నటి గీత కనిపించింది. పట్టీ ప్రెస్ బటన్ వెనక రివిట్ గీసింది! లైనింగ్ ఉంటే ఆ రివిట్ రెండు పొరల మధ్య దాక్కుంటుంది. మెత్తదనం కోసం కాదు, దీనికోసం వెయ్యాలి లైనింగ్.

అందుకే మూడోది 1.6 మిల్లీమీటర్ల వెజిటబుల్ టాన్ రెండు పొరలు, నున్నటి వైపు లోపలికి. బటన్ బిగించాకే అతికించాలి. బల్ల మీద పరిచి అతికించి మడిచానో లేదో, లోపలి పొర ముడతలు పడింది. వంపులో లోపలి పొరకి తక్కువ తోలు చాలు మరి. ఇంకో ముక్క కోసి, సగం వరకే జిగురు పెట్టి, టేకు ముక్క చుట్టూ వంచి పట్టుకుని మిగతా సగం అతికించాను. మిగిలిన అంచు కుట్టే ముందే కోసేశాను.

రాత్రిళ్లు తుపాకీ ఒరలో ఉంచొద్దని మామయ్యకి చెప్పాను. ఏ తోలైనా చెమ్మ పట్టి ఉంచుతుంది. ఒర ఇంకా నా దగ్గరే ఉంది, అంచులకి మైనం రుద్దాలి.