కొడుకు దగ్గర పాఠం

ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌కు వచ్చిన తొలి ఏడాది, తొమ్మిదేళ్ల మా అబ్బాయి బడి నుంచి రాగానే నా ఇంగ్లీషు ఉచ్చారణను సరిదిద్దినప్పుడల్లా నా మనసు చివుక్కుమనేది. మా నాన్నగారి మాటను దిద్దే చనువు నాకు ఏనాడూ లేదు. పక్కనే ఉన్న కిల్లింగ్‌వర్త్‌లో, తొలి రైలు ఇంజన్ల రూపకర్తల్లో ఒకడైన జార్జ్ స్టీవెన్సన్ కాపురమున్న ఇంటిని చూశాకే ఆ బాధ తగ్గింది.

1781లో వైలమ్‌లో బొగ్గుగని కార్మికుడి ఇంట పుట్టిన స్టీవెన్సన్ అక్షరాలు దిద్దుకున్నది పద్దెనిమిదేళ్ల ప్రాయంలో, పని ముగిశాక రాత్రిబడిలో. మూడేళ్లు నిండకుండానే తల్లిని పోగొట్టుకున్న కొడుకు రాబర్ట్‌కు తనకు లేని చదువు అబ్బాలని, ఆయన ఊళ్లోవాళ్ల గడియారాలు బాగుచేసి డబ్బు కూడబెట్టి, న్యూకాసిల్ బడిలో చేర్పించాడు. పిల్లవాడు గాడిదనెక్కి బడికి వెళ్లివచ్చేవాడు. సాయంత్రం ఆ పాఠాన్నే తండ్రీకొడుకులు కలిసి చదివేవారు. 1814లోనే గని కోసం బ్లూచర్ అనే ఆవిరి ఇంజను తయారుచేసిన మనిషి, కొడుకు పక్కన కూర్చుని నేర్చుకోవడాన్ని చిన్నతనంగా భావించలేదు.

1825లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గం గురించి పార్లమెంటు కమిటీ ముందు నిలబడినప్పుడు, ఈ ప్రాంతపు యాస విని ఒకరు తనను విదేశీయుడివా అని అడిగారని స్టీవెన్సనే తరువాత చెప్పుకున్నాడు. సొంత దేశంలోనే! సర్వే లెక్కల్లో తప్పులు బయటపడి ఆ బిల్లు వీగిపోయిన మాట నిజమే, కానీ యాసను బట్టి మనిషి తెలివిని తూచడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. మరుసటి ఏడాది అనుమతి వచ్చింది. ఆ మార్గానికి ఇంజనును ఎంచడానికి 1829లో రెయిన్‌హిల్‌లో పెట్టిన పోటీలో నెగ్గిన ‘రాకెట్’ అనే రైలు ఇంజను ప్రధానంగా రాబర్ట్ పర్యవేక్షణలో రూపొందినదే.

ఆ ఇంటి గుమ్మం పైన తండ్రీకొడుకులు కలిసి చేసిన నీడ గడియారం ఉంది. దాని మీద 1816 ఆగస్టు 11 అనే తేదీ చెక్కి ఉంది. కిల్లింగ్‌వర్త్ అక్షాంశానికి తగినట్లు వాళ్లే లెక్కకట్టి దాన్ని తయారుచేశారని చెప్పగానే మా అబ్బాయి, "అయితే తెనాలిలో తాతయ్య ఇంటి మీద ఇది పనిచేయదా, నాన్నా?" అన్నాడు.

ఆ రాత్రి అట్టముక్కలతో రెండు నీడ గడియారాలు చేశాము. నేలమీద పెట్టే గడియారంలో ముల్లు వాలు ఆ ఊరి అక్షాంశమంత ఉండాలని వాడే నాకు నేర్పాడు. ఇక్కడికి 55 డిగ్రీలు, తెనాలికి 16. రెండోదాని మీద అంకెలు తెలుగులో వేయమని నన్ను అడిగి, ఒక్కొక్కటే చూసి తానూ దిద్దుకున్నాడు.