సిల్కెబోర్గ్ దారిలో ఆరోగ్యవరం మాటలు

డెన్మార్క్‌లో ఆర్హుస్ నుంచి సిల్కెబోర్గ్‌కి రైల్లో గంట కూడా పట్టదు. ఆ రోజు పట్టాల పని నడుస్తోందని మధ్యలో దించేసి బస్సెక్కించారు. టికెట్టు మాత్రం ఒక్క క్రోన్ తగ్గించలేదు. స్టేషన్లో తాగిన కాఫీ, తిన్న రొట్టెముక్క కలిపి మన లెక్కలో వెయ్యి దాటింది. పైగా తెరిపి లేని చినుకు. ఇంట్లో మనవడితో ఆడుకుంటూ కూర్చోవలసింది అని విసుక్కుంటూ కూర్చున్నాను.

పక్క సీట్లో ఎనభై దాటిన పెద్దాయన. "టోలండ్ మనిషిని చూడ్డానికా?" అని ఇంగ్లీషులో అడిగారు. 1950లో ఆ దగ్గర్లోని బురదనేలలో బయటపడ్డ, రెండువేల ఏళ్లు దాటిన శవం అది. చర్మం, మొహం అట్లాగే ఉన్నాయట. ఎవరొచ్చినా దానికోసమే వస్తారని ఆయన నమ్మకం. నేను వెళ్తున్నది డెన్మార్క్ చిత్రకారుడు ఆస్గర్ యోర్న్ బొమ్మలకని చెప్పాను. ఏ ఊరని అడిగారు. మదనపల్లె అంటే ఏం తెలుస్తుంది? అందుకని ఇంకోలా చెప్పాను: మా ఊరి పక్కన ఆరోగ్యవరం అని, క్షయ ఆస్పత్రిగా పుట్టిన ఆస్పత్రి ఉంది, 1915లో అది మొదలైనప్పుడు నడిపింది మీ దేశపు డాక్టరే, ఫ్రిమోట్ మోలర్ అని.

ఆయన మొత్తం నావైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ల పిన్ని సిల్కెబోర్గ్ శానటోరియంలో, అంటే అక్కడి క్షయ ఆస్పత్రిలో, ఉండేదట. ఆదివారాలు చూడ్డానికి వెళ్తే వాళ్లమ్మ ఈయన్ని గేటు దగ్గరే నిలబెట్టేది, లోపలికి రానిచ్చేది కాదు. ఆరోగ్యవరం మీదుగా బస్సు వెళ్తుంటే మా అమ్మ కొంగుతో నా ముక్కు మూసేది. నేనది చెప్పగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. మంచి మందులు రాకముందు వైద్యమంటే ఏముంది, చల్లగాలి, పాలు, గుడ్లు, నెలలకు నెలలు మంచం. ఇక్కడా అంతే, అక్కడా అంతే. కిటికీ బయట సరస్సులన్నీ దాటిపోయాయి, ఒక్కటీ సరిగ్గా చూడలేదు.

యోర్న్‌ని బతికించింది ఆ శానటోరియమే. 1948లో పారిస్‌లో మిత్రులతో కలిసి కోబ్రా అని చిత్రకారుల, కవుల గుంపు పెట్టాడు. కోపెన్‌హాగన్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. రెండో ప్రపంచయుద్ధం ముగిసి మూడేళ్లే. చిన్నపిల్లల గీతల్లా, జానపదుల భూతాల్లా రంగులు చిమ్మే బొమ్మలు వేశారు. చేతిలో డబ్బు లేదు. 1951లో క్షయతో, తను పెరిగిన సిల్కెబోర్గ్‌కే తిరిగొచ్చాడు. గుంపులోని కవి డోత్రెమాన్‌దీ అదే రోగం, అదే ఆస్పత్రి. ఆ ఏడే కోబ్రా చెదిరిపోయింది. ఏడాదికి పైగా ఆస్పత్రిలో గడిపి లేచాక, ఇక బతికినంతకాలం తన బొమ్మలు, కొన్న బొమ్మలు, మార్చుకున్న బొమ్మలు ఈ చిన్న ఊరికే పంపుతూ పోయాడు. వేలకొద్దీ. 1964లో అమెరికాలోని గుగెన్‌హైమ్ సంస్థ బహుమతి ఇస్తామంటే, మీ డబ్బుతో నరకానికి పొండని తంతి కొట్టినవాడు, ఊరికి మాత్రం ఉచితంగా ఇచ్చాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఆ బొమ్మలున్న మ్యూజియం గూదెనో నది ఒడ్డున ఉంది. మిగతా గదులు గబగబా దాటి 'స్టాలిన్‌గ్రాడ్' అనే యోర్న్ బొమ్మ ముందు ఆగిపోయాను. ఎత్తు దాదాపు మూడు మీటర్లు, వెడల్పు ఐదు. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమంది చచ్చిన ఆ రష్యా ఊరి గురించి ఇటలీలో ఒక స్నేహితుడు చెప్పిన కబుర్లు దానికి మూలమంటారు. తుపాకీ లేదు, శవం లేదు. ముద్దలు ముద్దలుగా తెలుపు, దాని కింద నలుపు, పసుపు, ఎరుపు ఊపిరాడక కదులుతున్నట్టు. 1957లో మొదలుపెట్టి, అయిందనుకుని, మళ్లీ మళ్లీ కుంచె పట్టి, 1972లో కూడా దిద్దాడు. మరుసటి ఏడు పోయాడు. అంత చావుని గీసి ఇక చాలని ఎట్లా అనగలడు? నా మటుకు ఈ యాత్రలో చూసింది ఇదొక్కటే.

టోలండ్ మనిషికి టైం చాల్లేదు. బాధ లేదు. ఆర్హుస్‌లోనే ఒక హైస్కూల్లో యోర్న్ 1959లో చేసిన ఇరవయ్యేడు మీటర్ల మట్టిపలకల గోడ ఉంది. పచ్చిమట్టి మీద స్కూటర్ నడిపి మరీ చేశాడట. పాఠాలు జరిగే బడి కాబట్టి ముందే అడిగి వెళ్లాలి. ఉత్తరం రాయమని అమ్మాయికి చెప్పాను.