మొత్తానికి పడవ నీళ్లలో పడింది

"బావా, లోపలికి నీళ్లొస్తున్నాయి!" అని మా బావమరిది ఒకటే కేకలు. రానీయవయ్యా అన్నాను.

యానాం దగ్గర గౌతమి రేవులో, పోటు నిండుగా ఉన్నప్పుడు ట్రాక్టరుతో ట్రాలీని వెనక్కి నడిపించి పాత తెరచాప పడవను దింపాం. ఆటు సమయంలో అయితే చక్రాలు బురదలో దిగబడిపోతాయి.

పలకల సందుల్లో నూలు కూరి, గుగ్గిలం, నూనె కలిపి పట్టించాం. అయినా ఏళ్లుగా షెడ్డులో ఎండిన చెక్క మొదట కారుతుంది, తడి తాగి ఉబ్బాకే సందులు మూసుకుంటాయి. తాళ్లరేవు మేస్త్రీ ముందే చెప్పి, రెండు బకెట్లు వెంట ఉంచుకోమన్నాడు. మహానుభావుడు!

మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి తెరచాప నిండింది. ఇంజను పడవలకు అలవాటుపడ్డ ప్రాణం కదా, చప్పుడు లేకుండా కదులుతుంటే ఏదో పాడైందేమో అనుకున్నాను.

రేపు ఎవరొస్తారు? బకెట్లు మావే.